టైమర్ ఐసీలు, 5వ పాఠం: పది నిమిషాలు లెక్కపెట్టడం ఎలా?

కిందటి పాఠంలో 555తో ఎల్‌ఈడీని బ్లింక్ చేయించాం. ఈసారి మోనోస్టేబుల్. అంటే బటన్ నొక్కితే ఆన్ అయి, కాసేపటికి తనంతట తనే ఆఫ్ అయ్యే సర్క్యూట్.

1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం హాన్స్ కామెన్‌జింద్ డిజైన్ చేసిన ఈ ఐసీ లోపల పెద్ద మర్మమేమీ లేదు. 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు మూడు వరసగా ఉండి, సప్లై వోల్టేజీని మూడు సమ భాగాలు చేస్తాయి. ఒక కంపారేటర్ (రెండు వోల్టేజీల్ని పోల్చి చూసే భాగం) మూడింట ఒక వంతు దగ్గర, ఇంకొకటి మూడింట రెండు వంతుల దగ్గర కాపలా కాస్తాయి. వాటి మాట విని, ఆన్‌లో ఉన్నామా ఆఫ్‌లో ఉన్నామా అన్నది గుర్తుంచుకునే ఫ్లిప్‌ఫ్లాప్ ఒకటి, కెపాసిటర్‌ను ఖాళీ చేసే ట్రాన్సిస్టర్ ఒకటి, చివర అవుట్‌పుట్ భాగం. అంతే.

6, 7 పిన్లను కలిపి, అక్కడి నుంచి సప్లైకి రెసిస్టర్, గ్రౌండ్‌కి కెపాసిటర్ పెట్టండి. 4వ పిన్ను సప్లైకి కలపండి. 2వ పిన్ నుంచి సప్లైకి 10 కిలో ఓమ్‌లు, గ్రౌండ్‌కి బటన్. నొక్కగానే 3వ పిన్ హై అవుతుంది, కెపాసిటర్ ఛార్జ్ అవడం మొదలవుతుంది. దాని వోల్టేజీ మూడింట రెండు వంతులు చేరగానే ఆట ముగుస్తుంది. ఆ సమయం 1.1 × ఆర్ × సి. సప్లై 9 వోల్టులున్నా 12 ఉన్నా ఇది దాదాపు మారదు, ఎందుకంటే ఛార్జింగూ, కంపారేటర్లు కాపలా కాసే ఆ గీతలూ రెండూ సప్లైతో పాటే పెరుగుతాయి. ఈ ఐసీ ఇన్నేళ్లు నిలబడటానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే. ఒక్క జాగ్రత్త: బటన్‌ను టైమ్ అయిపోయాక కూడా నొక్కి పట్టుకుంటే అవుట్‌పుట్ దిగదు.

ఇప్పుడు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఉత్త ‘555’ అని అడిగితే మామూలుగా చేతిలో పెట్టేది బైపోలార్ రకం, ఎన్‌ఈ555. దీనికి కనీసం 4.5 వోల్టులు కావాలి. ఊరికే కూర్చుని కూడా 5 వోల్టుల దగ్గర సుమారు 3 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. బదులుగా అవుట్‌పుట్ నుంచి 200 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలదు, కాబట్టి చిన్న రిలేని (కాయిల్‌తో నడిచే స్విచ్) నేరుగా నడిపేస్తుంది. రిలే కాయిల్‌కి అడ్డంగా డయోడ్ మాత్రం మరవకండి. అవుట్‌పుట్ మారే క్షణంలో సప్లైని ఒక్కసారి గట్టిగా లాగుతుంది కూడా. అందుకే 8, 1 పిన్ల మధ్య, ఐసీకి ఆనుకుని 0.1 మైక్రో ఫారడ్ పెట్టాలి.

టీఎల్‌సీ555 సీమాస్ రకం. పిన్లు అవే, కాళ్లు మార్చకుండా అదే సాకెట్‌లో పెట్టొచ్చు. 2 వోల్టులకే పనిచేస్తుంది, కరెంటు ఖర్చు మిల్లీ ఆంపియర్‌లో చిన్న వంతు. బ్యాటరీ ప్రాజెక్టులకి ఇదే తీసుకోండి. అయితే హైలో ఉన్నప్పుడు సుమారు 10 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది. రిలే పెడితే మధ్యలో ట్రాన్సిస్టర్ తప్పదు. తేడా కళ్లారా చూడాలంటే 5 వోల్టుల సప్లైతో 3వ పిన్ హైలో ఉన్నప్పుడు మల్టీమీటర్ పెట్టండి. ఎన్‌ఈలో 5 కంటే ఒక వోల్టుకు పైగా తక్కువ, టీఎల్‌సీలో దాదాపు 5. ఇక 556 అంటారా, ఒకే ఒంట్లో రెండు 555లు, చెప్పడానికి ఇంకేం లేదు.

అసలు తంటా ఎక్కువ సమయం కావాలన్నప్పుడు వస్తుంది. పది నిమిషాల కోసం 1 మెగా ఓమ్, 470 మైక్రో ఫారడ్ పెట్టారనుకోండి. లెక్క ప్రకారం 517 సెకన్లు, కాస్త తక్కువే. కానీ సప్లై 9 వోల్టులైతే, కెపాసిటర్ 6 వోల్టులు చేరే వేళకి ఆ రెసిస్టర్ ఇవ్వగలిగేది 3 మైక్రో ఆంపియర్లే. అంత పెద్ద ఎలక్ట్రోలిటిక్‌లో లీకేజీ అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే, ఆ గీత ఎప్పటికీ చేరదు. ఐసీ పోయిందనుకుని కొత్తది కొంటారు, అదీ అంతే.

అలాంటప్పుడు సీడీ4060 అనే ఐసీ వాడాలి. ఇది కెపాసిటర్‌ను నెమ్మదిగా నింపే పని పెట్టుకోదు. లోపలి ఆసిలేటర్ వేగంగా కొట్టుకుంటుంది, 14 దశల కౌంటర్ ఆ దెబ్బల్ని లెక్కపెడుతుంది; ఒక్కో దశకీ ముందు దశకంటే రెట్టింపు దెబ్బలు కావాలి. 9వ పిన్‌కి 0.1 మైక్రో ఫారడ్ (ఎలక్ట్రోలిటిక్ వద్దు), 10కి 330 కిలో ఓమ్, 11కి 1 మెగా ఓమ్ పెట్టి మూడింటి రెండో కొసలూ ఒకచోట కలపండి. ఒక్కో దెబ్బ 2.3 × ఆర్ × సి, ఇక్కడ ఆర్ 330 కిలో ఓమ్. అంటే 0.076 సెకను. చివరి దశ అయిన 3వ పిన్ హై అవడానికి 8192 దెబ్బలు పడాలి: సుమారు 10 నిమిషాల 22 సెకన్లు.

12వ పిన్ రీసెట్. దాన్నుంచి గ్రౌండ్‌కి 100 కిలో ఓమ్, సప్లైకి 0.1 మైక్రో ఫారడ్ పెడితే కరెంటు ఇవ్వగానే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. 3వ పిన్ నుంచి 11వ పిన్‌కి ఒక 1ఎన్4148 డయోడ్ వేస్తే (గీత ఉన్న కొస 11 వైపు) హై అయ్యాక ఆసిలేటర్ ఆగిపోతుంది.

అభ్యాసం: రెసిస్టర్, కెపాసిటర్ మార్చకుండా ఇదే సర్క్యూట్‌లో అవుట్‌పుట్‌ను 2వ పిన్ (చివరి దశకి ముందుది) నుంచి తీసుకోండి, డయోడ్‌నూ అక్కడికే మార్చండి. ఎంతసేపటికి హై అవుతుందో ముందే లెక్కకట్టి, ఆ తర్వాత వాచీ పెట్టి చూడండి.