దద్దుర్లా, తామరా, గజ్జా? ఇలా పోల్చుకోండి

ఒంటి మీద ఏదైనా ఉబ్బితే ముందు పెన్నుతో దాని చుట్టూ గీత గీసి టైమ్ రాసుకోండి. 24 గంటల్లోపు అక్కడ మాయమై ఇంకోచోట లేస్తే అవి చాలావరకు దద్దుర్లే, పొట్టు కూడా రాలదు. నల్లటి చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు కాబట్టి వేలితో తడిమి చూడండి.

తామర అలా కాదు. గజ్జల్లోనో, నడుం దగ్గర లంగా బొందు కిందో గుండ్రంగా మొదలై రోజురోజుకీ పెరుగుతుంది. అంచు పొట్టుతో లేచి ఉంటుంది, మధ్యలో మాత్రం మానినట్టు కనిపిస్తుంది. దయచేసి దీనికి మెడికల్ షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ రాయకండి. మా అమ్మ అలాగే రాసింది, నాలుగు రోజులు దురద తగ్గింది, తర్వాత ఆ అంచు చెదిరిపోయి నడుమంతా పాకింది, మానడానికి నెలలు పట్టింది.

రాత్రి పడుకోగానే వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర దురద ఎక్కువై, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే గజ్జి అని అనుమానించండి. మందు ఇంట్లో అందరూ ఒకేసారి రాసుకోవాలి.

బొట్టుబిళ్ల పెట్టిన చోట అంతే సైజులో దురదపెడితే ఆ జిగురు పడలేదన్నమాట.

పెదవులు, నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. కొత్త మాత్ర వేసుకున్నాక నోట్లో పుండ్లు, ఒంటి మీద బొబ్బలు వస్తే ఆ స్ట్రిప్ పట్టుకుని అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.