పెనాంగ్‌లో గోడ బొమ్మలు చూస్తూ, వీధి తిండి తింటూ రెండు రోజులు తిరగడం ఎలా?

మలేషియాలోని పెనాంగ్ దీవికి కనీసం రెండు రోజులు కేటాయించండి. ఒకటి దీవిలోని ముఖ్య నగరం జార్జ్ టౌన్‌కి, ఇంకోటి దీవి వెనకవైపు పల్లెలకి.

మొదటి రోజు పెందలాడే లేచి ఏడున్నరకల్లా ఆర్మేనియన్ స్ట్రీట్ చేరండి. ఆలస్యమైతే ఎండతో పాటు ఫొటోల క్యూ కూడా పెరుగుతుంది. లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకారెవిచ్ 2012లో వేసిన అక్కాతమ్ముళ్ల బొమ్మ అక్కడే ఉంది. పిల్లలిద్దరూ గోడ మీది రంగులే. వాళ్లెక్కిన సైకిల్ మాత్రం నిజంది, గోడకి బిగించేశారు. అక్క హ్యాండిల్ పట్టుకుంటే, వెనక బుడ్డోడు ఆమెను కరుచుకుని కూర్చున్నాడు. ఎండకీ వానకీ వెలిసే రంగు అది, దయచేసి చేత్తో తాకకండి.

అక్కణ్ణుంచి నడుస్తూ ఇనుప కడ్డీలు వంచి చేసిన కార్టూన్లు వెతకండి. ఊరంతా కలిపి 52 పెట్టారు. ఏ వీధిలో ఎవరు బతికారో, ఏ పని చేశారో అవి చెబుతాయి. నాకైతే రంగుల బొమ్మల కన్నా ఇవే ఇష్టం.

మధ్యాహ్నం నాసి కందర్ తినండి. నాసి అంటే అన్నం, కందర్ అంటే కావడి. తమిళ ముస్లింలు ఒకప్పుడు అన్నం, కూరలు కావడిలో మోసుకొచ్చి అమ్మేవాళ్లు. కూర ఎంచుకున్నాక 'బంజిర్' అనండి, అంటే వరద. రకరకాల పులుసులు అన్నం మునిగేలా పోస్తారు. బీఫ్ తిననివాళ్లు ముందే అడగాలి. సాయంత్రం బండ్ల దగ్గర చార్ క్వే తియావ్ నూడుల్స్‌కి కూడా అంతే, చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు. శాకాహారులు టెన్షన్ పడక్కర్లేదు, లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం దొరుకుతుంది.

రెండో రోజు జార్జ్ టౌన్‌లోని కొమ్టార్ అనే ఎత్తైన భవనం దగ్గర 401ఈ బస్సెక్కి దీవి వెనకవైపున్న బాలిక్ పులావ్ వెళ్లండి. సరిపడా చిల్లర దగ్గరుంచుకోండి. రష్యా చిత్రకారిణి జూలియా వోల్చ్‌కోవా ఇక్కడి గోడల మీద స్థానిక వృత్తులవాళ్లను నిలువెత్తున గీసింది. అవి చూశాక అసామ్ లక్సా చెప్పండి. చేపను చింతపండుతో మరిగించిన పులుసులో బియ్యపు నూడుల్స్, పైన పుదీనా, అనాస ముక్కలు. మన చేపల పులుసు గుర్తొస్తుంది. పక్కన చెంచాలో నల్లటి రొయ్యల ముద్ద ఇస్తారు. వెంటనే కలిపేయకండి. సగం గిన్నె అలాగే తిని, మిగతా సగంలో కలిపితే రెండు రుచులూ తెలుస్తాయి.

మన వంటింట్లో జాజికాయ అంటే గింజే. ఇక్కడ దాని కండతో జ్యూస్ తీస్తారు, తప్పకుండా తాగండి. జూన్, జూలైల్లో వెళ్తే ఘాటు వాసనొచ్చే డూరియన్ పండు కూడా దొరుకుతుంది. ఆ వాసన వల్ల దాన్ని చాలా హోటళ్లలోకి రానివ్వరు కాబట్టి అక్కడే తినేసి, చేతులు బాగా కడుక్కుని బస్సెక్కండి.