కారు లేకుండా భీమిలికి: ఒక్కరోజు ప్రయాణాన్ని ఎలా వేసుకోవాలి

విశాఖపట్నం నుంచి సముద్రాన్ని ఆనుకుని ఉత్తరంగా సాగే బీచ్ రోడ్డు చివర, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరు భీమునిపట్నం. అందరి నోటా అది భీమిలి. నగరం నుంచి దూరం సుమారు 25 కిలోమీటర్లు. ఈ దారికి కారు ఉండి తీరాలని చాలామంది అనుకుంటారు. ఎన్నోసార్లు బస్సులో వెళ్లి వచ్చిన మీదట నా అభిప్రాయం వేరు. కారులో వెళ్లినవారు ఎంత దూరం నడిచినా దాన్ని నిలిపిన చోటికే మళ్లీ రావాలి. బస్సు దిగినవారికి ఆ బంధం లేదు; ఒక స్టాపులో దిగి, ఇసుక వెంట నడుచుకుంటూ పోయి, అలసిన చోట రోడ్డు మీదికొచ్చి తర్వాతి బస్సు ఎక్కవచ్చు. ప్రయాణ ప్రణాళిక అంతా ఈ వెసులుబాటును ఆధారం చేసుకుని వేసుకుంటే రోజు హాయిగా గడుస్తుంది.

ముందుగా రోజును ఎంచుకోవాలి. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఎండ తీవ్రత తక్కువగా ఉంటుంది కనుక నడకకు ఆ నెలలు మేలు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఇక్కడే. ఆ రెండు నెలల్లో వెళ్లదలచినవారు వాతావరణ శాఖ హెచ్చరికలతో పాటు, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ విడుదల చేసే అలల ఎత్తు సూచనలను కూడా ముందురోజు చూసుకోవాలి. ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎక్కడో దూర సముద్రంలో పుట్టిన పెద్ద అలలు ఇక్కడి తీరాన్ని తాకే రోజులుంటాయి. ఇక వారం సంగతికి వస్తే, ఆదివారాలను, అందులోనూ వనభోజనాలు సాగే కార్తిక మాసపు ఆదివారాలను, సంక్రాంతి వరుస సెలవులను, జనం సముద్రస్నానాలకు తరలివచ్చే మాఘ పౌర్ణమిని వదిలేయడం మంచిది. పండుగ చూడాలనే వెళ్తే అది వేరే సంగతి. కానీ ఆ రోజు బస్సులో కూర్చునే చోటు దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు.

నగరం నుంచి భీమిలికి రెండు దారులున్నాయి, వాటిని కలిపి వాడుకోవడం తెలియాలి. 900కె నంబరు సిటీ బస్సు రైల్వే స్టేషన్ వైపు నుంచి బయలుదేరి బీచ్ రోడ్డు మీదుగా, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట దాటుకుంటూ భీమిలి చేరుతుంది. 999 నంబరు బస్సు ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మధురవాడ, ఆనందపురం మీదుగా జాతీయ రహదారిలో వెళ్తుంది. సముద్రం చూడాలంటే మొదటిదే ఎక్కాలి. బీచ్ రోడ్డులో ఏదైనా కార్యక్రమం వల్ల వాహనాలను మళ్లించినప్పుడు, లేదా సాయంత్రం రద్దీ విపరీతంగా ఉన్నప్పుడు రెండోది ఆదుకుంటుంది. వెళ్లేటప్పుడు సముద్రం కుడివైపు, అంటే డ్రైవరు కూర్చునే వైపు ఉంటుంది. ఉదయపు ఎండ కూడా అటు నుంచే ముఖాన కొడుతుంది కాబట్టి పిల్లలకు టోపీ పెట్టి కూర్చోబెట్టండి. టికెట్టుకు చిల్లర దగ్గర ఉంచుకోండి. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మహిళలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాలి. కార్డు ఇంట్లో మరచిపోతే మామూలు టికెట్టు కొనక తప్పదు.

హైదరాబాద్ నుంచి వచ్చేవారికి గోదావరి ఎక్స్‌ప్రెస్ లాంటి రాత్రి బండ్లు అనుకూలం. తెల్లవారేసరికి విశాఖలో దిగి, స్టేషన్‌లోనే ముఖం కడుక్కుని, సామాను అక్కడి క్లోక్‌రూమ్‌లో అప్పగించి, చేతిసంచితో బస్సెక్కవచ్చు. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవారు విశాఖ దాకా రానక్కరలేదు. జాతీయ రహదారి మీద తగరపువలసలో దిగితే అక్కడి నుంచి భీమిలి పది కిలోమీటర్ల లోపే. షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి.

ఇప్పుడు అసలు ప్రణాళిక. చాలామంది పొద్దున బయలుదేరే వేళ నుంచి మొదలుపెట్టి, చూడవలసిన చోట్లన్నీ వరుసగా రాసుకుంటారు. బస్సు ప్రయాణానికి ఆ పద్ధతి సరిపడదు. సాయంత్రం భీమిలి బస్టాండులో ఏ వేళకు బస్సెక్కాలో ముందు నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఐదున్నరకే పొద్దు కుంకుతుంది. తూర్పు తీరం కనుక సూర్యుడు సముద్రంలో కాక, వెనుక కొండల చాటున దిగుతాడు. అందుచేత సూర్యాస్తమయం కోసం ఒడ్డున కూర్చుని ఆలస్యం చేయనక్కరలేదు. చూడవలసింది ఉదయాన్నే ఉంది. చలికాలంలో ఆరున్నర ప్రాంతంలో, మే నెలలోనైతే ఐదున్నరకు ముందే సూర్యోదయమవుతుంది. తొలి బస్సుల్లో ఒకటి పట్టుకోగలిగితే దారిలోనే ఆ దృశ్యం దక్కుతుంది. ఆ తర్వాత దారిలో ఒక్కచోట మాత్రమే దిగాలి, మిగిలిన రోజంతా భీమిలికే ఇవ్వాలి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి అన్నీ ఒకే రోజులో చూడాలనుకునేవారు దేన్నీ నిలబడి చూడలేరు, ప్రతి స్టాపులోనూ బస్సు కోసం ఎదురుచూడడంతోనే సగం రోజు గడిచిపోతుంది.

ఆ ఒక్కచోటు ఏది? నన్నడిగితే ఎర్రమట్టి దిబ్బలు. భీమిలికి నాలుగైదు కిలోమీటర్ల ముందు రోడ్డు పక్కనే ఉంటాయి. కండక్టరుకు ముందే చెప్పి ఉంచితే అక్కడ ఆపుతారు. ఇవి వేల సంవత్సరాల కిందట, సముద్ర మట్టం తగ్గి ఇసుక బయటపడిన కాలాల్లో, గాలి మోసుకొచ్చి కుప్పవేసిన మేటలు. ఇసుక రేణువుల చుట్టూ పట్టిన ఇనుప ఆక్సైడు వల్ల ఎరుపెక్కాయి. వాన నీరు కోసిన గండ్లు వీటి మధ్య చిక్కుముడిలా అల్లుకుపోయి ఉంటాయి. సముద్రపుటొడ్డున ఇలాంటి ఎర్ర ఇసుక మేటలు మన దేశంలో తమిళనాడులో తప్ప మరెక్కడా చెప్పుకోదగినంతగా లేవు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. ఇంత విలువైన చోట పేర్లు చెక్కేవారిని, గట్ల అంచున తొక్కి మట్టి రాల్చేవారిని చూసినప్పుడు నిజంగా మనసు కష్టపడుతుంది. గట్టిపడినట్లు కనిపించినా అది ఇసుకే. ఒకసారి విరిగిన అంచు మళ్లీ రాదు. గండ్ల అడుగున, ఉన్న కాలిబాట మీదే నడవండి.

దిబ్బలను ఉదయం తొమ్మిది లోపు చూసి బయటపడాలి. ఒకసారి మా అమ్మగారిని మిట్టమధ్యాహ్నం అక్కడికి తీసుకెళ్లాను. లోపల నిలవ నీడ లేదు, తెచ్చుకున్న సీసా నీళ్లు అరగంటలో అయిపోయాయి, గండ్లన్నీ ఒకేలా ఉండడంతో రోడ్డుకు తిరిగొచ్చే దారి వెతుక్కోవలసి వచ్చింది. ఆవిడ పడిన అవస్థ నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక గొడుగు లేనిదే అక్కడ దిగలేదు. లోపలికి వెళ్లేటప్పుడు ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి ఒక చెట్టునో గట్టునో గుర్తు పెట్టుకుంటే రావడం తేలిక.

చరిత్ర మీద మక్కువ ఉన్నవారు దిబ్బలకు బదులు తొట్లకొండ ఎంచుకోవచ్చు. 128 మీటర్ల ఎత్తున్న ఆ కొండ మీద, 1988 నుంచి 1992 వరకు జరిగిన తవ్వకాల్లో బౌద్ధ విహారం వెలుగుచూసింది. వాన నీరు నిలవచేయడానికి భిక్షువులు రాతిలో తొలిపించిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు. రోడ్డు నుంచి పైకి నడక కాస్త దూరమే, ఎక్కుడు కూడా. మోకాళ్ల నొప్పులున్నవారు మానుకోవడం మంచిది.

భీమిలిలో బస్సు దిగాక ఆటో అవసరమే రాదు. గడియారస్తంభం, లైట్‌హౌసు, డచ్చివారి శ్మశానం, సముద్రపుటొడ్డు అన్నీ నడిచి చేరుకునేంత దూరంలోనే ఉన్నాయి. 17వ శతాబ్దంలో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం ఏర్పరచుకుని బట్టల వ్యాపారం సాగించింది. డచ్చివారు, ఇంగ్లీషువారు చేసుకున్న 1824 ఒప్పందం మేరకు మరుసటి ఏడాది ఊరు ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. శ్మశానంలో ఆనాటి సమాధులు, వాటి మీద చెక్కిన అక్షరాలు ఇంకా కనిపిస్తాయి. తలుపు వేసి ఉంటే బయటి నుంచే చూడండి, గోడ దూకవద్దు. ఆ తర్వాతి కాలంలో గోగునార ఎగుమతితో ఈ రేవు ఎంత పేరు తెచ్చుకుందంటే, విదేశీ విపణిలో ఆ నారనే బిమ్లీ జ్యూట్ అని పిలిచారు. తగరపువలస దగ్గర మూతపడి ఉన్న చిట్టివలస జూట్ మిల్లు ఆ కథకు కొనసాగింపే. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఈ ఊరి పాత వీధుల్లో, పెంకుటిళ్ల అరుగుల పక్కగా, తొందర లేకుండా ఒక గంట నడిస్తే ఆ వైభవపు ఛాయలు తెలుస్తాయి. ఓపిక మిగిలితే నరసింహస్వామి ఆలయం మెట్లెక్కండి. ఊరు, సముద్రం, గోస్తనీ మలుపు పైనుంచి కలిసి కనబడతాయి.

భోజనం పన్నెండు, ఒంటిగంట మధ్య ముగించండి. సముద్రం చేపలు తినేవారు వంజరం, చందువ, రొయ్యలు అడగవచ్చు. అయితే ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల్లో తాజా చేప అరుదు, ధర ఎక్కువ. వేసవిలో దారి పక్క తాటిముంజలు దొరకడమే అప్పటి ఊరట. మరుగుదొడ్డి ఆలోచన, ముఖ్యంగా ఆడవారు, భోజనం చేసే చోటును ఎంచుకునేటప్పుడే చేయాలి. ఒడ్డున తగిన సదుపాయం ఉంటుందని నమ్ముకుని బయలుదేరకూడదు.

నీళ్లలో దిగడం గురించి సూటిగా చెబుతాను. ఈ తీరంలో ఒడ్డుకు కొట్టిన నీరు ఇరుకైన పాయగా మారి వేగంగా లోపలికి లాక్కుపోయే చోట్లున్నాయి. పక్కనున్న చోట తెల్లగా అలలు విరుగుతుంటే, మధ్యలో ఒకచోట మాత్రం నీరు నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తే అదే ఆ పాయ కావచ్చు. కొత్తవారు సరిగ్గా అదే చోటును సురక్షితమనుకుంటారు. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది ఆ లాగుడు నుంచి బయటపడాలి. గోస్తనీ ముఖద్వారం దగ్గర నది ప్రవాహం, ఆటుపోట్లు రెండూ కలుస్తాయి; అక్కడ పాదాలు తడుపుకోవడానికి కూడా దిగవద్దు. ఈత కొట్టి తీరాలనుకునేవారు భీమిలి దాకా రాకుండా, శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండలో దిగి, జీవరక్షకులు ఉన్న హద్దుల లోపలే ఉండాలి. తడిసిన బట్టలతో బస్సు ఎక్కితే పక్కవారికి ఇబ్బంది. ఒక జత పొడి బట్టలు, తడివి పెట్టుకోవడానికి ఒక సంచి తప్పక తీసుకెళ్లండి.

ఇసుక మీద నడక కోసం ఆటు వేళను చూసుకోవడం మరవకండి. నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా, కాలు కూరుకుపోకుండా ఉంటుంది. ఆటుపోట్లు రోజుకు రెండేసి సార్లు వస్తాయి, వాటి వేళ ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కనుక కిందటి వారం వెళ్లొచ్చినవారు చెప్పిన వేళ ఈ వారానికి పనికిరాదు.

తిరుగు ప్రయాణంలో రుషికొండ దగ్గరో మంగమారిపేట దగ్గరో బస్సు కోసం నిలబడితే సాయంత్రం కూర్చునే చోటు దొరకదు. బస్సు బయలుదేరే భీమిలి బస్టాండులోనే ఎక్కండి. మీరు అనుకున్నది ఆఖరి బస్సు కాకూడదు, దాని తర్వాత కనీసం రెండైనా ఉండాలి. ఆ సంగతి ఉదయం దిగిన వెంటనే బస్టాండులో అడిగి తెలుసుకోవాలి. రాత్రి రైలు ఉన్నవారు మరో గంట ముందే కదలాలి. ఈసారి సముద్రం ఎడమవైపు, బస్సు తలుపులుండే వైపు వస్తుంది. మాఘ పౌర్ణమి రద్దీ లేని మరో పౌర్ణమి నాడు గనక మీ ప్రయాణం కుదిరితే, చీకటి పడే వేళకే చంద్రుడు నీళ్లలోంచి లేస్తాడు. ఎడమ కిటికీ దగ్గర కూర్చున్నవారికి సాగర్‌నగర్ దాకా ఇళ్ల సందుల్లోంచి, సరుగుడు చెట్ల సందుల్లోంచి ఆ వెలుగు కనిపిస్తూనే ఉంటుంది.