పొగమంచు రేవు పజిల్ ఎక్కడ ఆగిపోతుంది, ఎలా కదిలించాలి

ఫ్రెంచి చిత్రకారుడు మోనే గీసిన 'ఇంప్రెషన్, సన్‌రైజ్' బొమ్మతో వచ్చే 1000 ముక్కల పజిల్ సగంలో పక్కన పెట్టేయాలనిపిస్తుంది. 1872 నాటి లె హావ్ర్ రేవు, ఫ్రాన్సు. తెల్లవారుతోంది, మంచు ఇంకా విడలేదు. ఆయన దేనికీ గీత గీసి హద్దు పెట్టలేదు. మనం అలవాటుగా వెతికేదేమో ఆ హద్దుల్నే.

సమస్య: అంచు పేర్చాక చివర కలవడం లేదు

ముందు లెక్కపెట్టండి. పైన 1000 అని ఉన్నా చాలా పెట్టెల్లో అడ్డం 38, నిలువు 27, మొత్తం 1026 ముక్కలుంటాయి. అలాంటప్పుడు అంచువి 126. లెక్క సరిపోయిందంటే ముక్క పోలేదు, ఏదో ఒకటి తప్పు చోట కూర్చుంది. నాలుగేసి ముక్కలు కలిపి ఎత్తి కిటికీ వైపు పట్టండి. దొంగ జోడైతే అతుకులో సన్నటి వెలుతురు కనిపిస్తుంది.

సమస్య: మిగిలినవన్నీ ఒకటే బూడిద రంగు

దీనికి సగం కారణం మన లైటు. పసుపు బల్బు కింద నీలం, ఆకుపచ్చ, బూడిద మూడూ కలిసిపోతాయి. ఈ పజిల్ పగటి వెలుతురులోనే చెయ్యాలి.

మిగతా సగం, రంగుని బట్టి కుప్పలు పోయడం. రంగు వదిలేసి కుంచె నడిచిన తీరు చూడండి. ఒక ముక్కని కంటికి జానెడు దూరంలో పట్టుకుంటే తెలిసిపోతుంది: నీళ్లయితే పొట్టి పొట్టి అడ్డగీతలు, ఒకదాని కింద ఒకటి. ఆకాశమైతే వెడల్పుగా, ఏటవాలుగా తుడిచినట్టు ఉంటుంది. నిలువు గీతలుంటే ఓడల స్తంభాలు. వాటిని మధ్య వరసలకి దాచండి. నేను ఇలా విడదీశాకే బొమ్మ కదిలింది.

పేర్చడం మాత్రం ముందున్న పడవతో మొదలుపెట్టండి. బొమ్మంతటిలో చిక్కటి నలుపు అదే. దాని వెనక పడవలు ఎడమ వైపుకి పోతూ పలచబడతాయి.

సమస్య: సూర్యుడి ముక్కలు కనపడవు

అందరూ వెలుగుగా ఉన్న ముక్కల్లో వెతుకుతారు. ఈ బొమ్మని ఫోనులో నలుపు తెలుపులోకి మార్చి చూడండి, సూర్యుడు దాదాపు మాయమైపోతాడు! చుట్టూ ఉన్న ఆకాశమెంత వెలుగో ఆయనా అంతే వెలుగు. మనకి మండుతున్నట్టు అనిపించేది ఆ నారింజ రంగు వల్లే. ఎన్నిసార్లు చూసినా నాకిది అద్భుతమే. అందుకని నారింజ రంగున్న ప్రతి ముక్కనీ, గోరంత మరక ఉన్నా సరే, ఒక పళ్లెంలో వేయండి. నీళ్ల మీద తెగితెగి పడిన నారింజ గీతల్ని కింద నుంచి పైకి పేర్చుకుంటూ పోతే సూర్యుడి దగ్గరికే చేరతారు.

సమస్య: ముక్కలు ఉబ్బి బిగుసుకున్నాయి

వానాకాలపు చెమ్మ. ఫ్యాను కింద ఆరబెట్టండి, ఎండలో వద్దు, అట్ట వంకర పోతుంది.

సమస్య: సంతకం ముక్క లేదు

సంతకం, పక్కన 72 అంకె కింద ఎడమ మూల ఉంటాయి. కానీ అసలు చిత్రం 48 × 63 సెంటీమీటర్లు. పజిల్ సాధారణంగా అంతకంటే పొడుగుపాటి ఆకారం. ఆ ఆకారానికి సరిపెట్టడానికి పైనా కిందా కొంత కత్తిరిస్తారు. పెట్టె మీది బొమ్మలో సంతకం లేకపోతే వెతకడం ఆపేయండి.