ఆపరేషన్ డేట్ తీసుకున్నారా? ముందు ఈ కాగితాలు చూసుకోండి

బెంగళూరులో ఉంటున్న మన తెలుగు ట్రాన్స్‌జెండర్లలో యాభై దాటినవాళ్లు మోకాలికో గుండెకో ఆపరేషన్ డేట్ తీసుకుంటే, ఆ వారమే కాగితాల పని మొదలుపెట్టాలి. మీకు స్పృహ లేనప్పుడు ఆసుపత్రివాళ్లు "బంధువులెవరు?" అని అడుగుతారు. ఏళ్ల తరబడి పలకరించని అన్నయ్య అనంతపురం నుంచి వచ్చి సంతకం పెడతాడు. రోజూ మందులిచ్చే తోడు బయట బెంచీ మీదే ఉండిపోవచ్చు.

బైసెక్సువల్ (ఆడా మగా ఇద్దరి మీదా ఆకర్షణ ఉన్న) వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. జెండర్ మార్చుకోకముందు పెళ్లయి, పిల్లలున్నవాళ్లు మనలో ఉన్నారు. విడాకులు తీసుకోకపోతే ఆ భార్యో భర్తో చట్టం లెక్కలో ఇప్పటికీ వారసులే. విడిపోయినట్టు ఊరి పెద్దమనుషులు రాయించిన కాగితాన్ని నమ్ముకోకుండా లాయర్‌కు చూపించండి. పెళ్లి కాని తోడుకు వారసత్వ చట్టంలో చోటే లేదు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఒకే జెండర్ జంటల పెళ్లిని గుర్తించలేదు. ట్రాన్స్ మహిళ (మగగా పుట్టి మహిళగా బతికేవారు) మగవాణ్ణి, ట్రాన్స్ పురుషుడు (ఆడగా పుట్టి మగవాడిగా బతికేవారు) ఆడమనిషిని చేసుకునే పెళ్లి ఉన్న చట్టాల కిందే చెల్లుతుందని అదే తీర్పులో చెప్పింది. కాబట్టి ట్రాన్స్ మహిళకు తోడు మగవాడైతే పెళ్లి రిజిస్టర్ చేసుకునే దారుంది. ఆడమనిషైతే ఆస్తికి వీలునామాయే దిక్కు.

వీలునామాకు స్టాంపు పేపర్ అక్కర్లేదు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ, ఇంట్లోవాళ్లు గొడవకు వస్తారనిపిస్తే తప్పక చేయించండి. ఆస్తి అందుకునేవాళ్లను సాక్షులుగా పెట్టకండి. సాక్షులు మీకంటే చిన్నవాళ్లు, బెంగళూరులోనే ఉండేవాళ్లయితే మేలు. పాత పేరు, ఇప్పటి పేరు రెండూ రాయండి. ఊళ్లో పొలం పాసుపుస్తకం పాత పేరు మీదే ఉండొచ్చు కదా. మన జమాతులోని గురువుకో చేలాకో (శిష్యురాలికో) ఇవ్వాలనుకున్నా నోటిమాట చాలదు, రాయాల్సిందే.

బ్యాంకులో తోడును నామినీగా పెట్టుకోవచ్చని, జాయింట్ అకౌంట్ తెరవొచ్చని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. అయితే నామినీ డబ్బు అందుకునే మనిషే, సొంతదారు కాదు. వీలునామాలో కూడా అదే పేరుండాలి.

ఇక లివింగ్ విల్. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ మీద ఎంతవరకు ఉంచాలో, మన తరఫున మాట్లాడేదెవరో అందులో రాస్తాం. సుప్రీంకోర్టు 2018లో దీన్ని ఒప్పుకుంది. 2023లో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరింపజేస్తే చాలు. కర్ణాటక ఆరోగ్యశాఖ కూడా 2025 జనవరిలో దీనిపై ఆదేశాలిచ్చింది. అన్నిటికంటే ముందు దీన్నే పూర్తి చేయమంటాను.

సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పాల్సినవీ ఉన్నాయి. ఈస్ట్రోజెన్ మాత్రలతో రక్తం గడ్డకట్టే రిస్క్ పెరుగుతుంది, సర్జన్‌కు తెలియాలి. మీ అంతట మీరు ఆపేయకండి. ట్రాన్స్ మహిళలకు నిర్వాణం (మగ అవయవాలు తీసేసే ఆపరేషన్) అయినా ప్రోస్టేట్ గ్రంథి లోపలే ఉంటుంది. ట్రాన్స్ పురుషులకు గర్భాశయ ముఖద్వారం ఉంటే దాని పరీక్షలూ మానకూడదు.

చివరిగా అంత్యక్రియలు. జీవితమంతా చీర కట్టిన మనిషికి ఊళ్లో పంచె కట్టి, పాత పేరుతో సాగనంపుతారేమోనన్న భయం మనలో చాలామందికి ఉంది. ఏ పేరు, ఏ బట్టలు, దహనమా ఖననమా, ఎవరి చేతుల మీదుగా అన్నది వేరే కాగితం మీద రాయండి. వీలునామా తెరిచేసరికి అన్నీ అయిపోతాయి. ఒక కాపీ తోడుకు, ఒకటి నమ్మకమైన స్నేహితులకు ఇవ్వండి. మాట వినే చెల్లెలో మేనల్లుడో ఉంటే ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. అడ్మిషన్ రోజున ఎమర్జెన్సీ కాంటాక్ట్ దగ్గర తోడు పేరు, నంబరు మీరే దగ్గరుండి రాయించండి.