సజ్జరొట్టె, తోటకూర పప్పు తింటున్నరా? నిమ్మచెక్క మర్వొద్దు

రోజూ ఆకుకూర, సజ్జరొట్టె తిన్నా కొందరికి రక్తం పెరగదు. తిండిలో ఇనుము ఉంటది గానీ, గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం దాన్ని పట్టుకుంటది, పేగు గుంజుకోలేదు.

తోటకూర పప్పు పొయ్యి మీదికెల్లి దించి, పళ్లెంలో ఏసుకున్నంక మనిషికి అర నిమ్మచెక్క పిండుకోవాలె. ఉడికేటప్పుడే పిండితే విటమిన్ సి వేడికి కొంత పోతది. విటమిన్ సి ఇనుమును కరిగే రూపంలోకి మార్చి, చిన్నపేగు మొదటి భాగంలోనే రక్తంలోకి పోయేటట్టు చేస్తది. నల్లగొండ జిల్లా నకిరేకల్ దిక్కు నిమ్మకాయకు కొదువ లేదు. దొరకకుంటే ఒక జామకాయో, పచ్చి ఉసిరికాయో బువ్వతోపాటే తినాలె, గంట ఆగి తింటే అంత ఫాయిదా ఉండదు. చింతపులుసుతో సరిపెట్టుకుందామంటే కుదరదు, అండ్ల విటమిన్ సి బాగా తక్కువ.

ఇదంతా చేసి, చెయ్యి కడుక్కోంగనే చాయ్ తాగితే మాత్రం లాభం లేదు. చాయ్‌లోని టానిన్ ఇనుమును మళ్లీ కట్టేస్తది. బువ్వకు ముందు గంట, తర్వాత గంట చాయ్ ఆపాలె. కాల్షియం గోళీ కూడా ఆ పూటకు వద్దు, ఇంకో పూటకు జరుపుకోవాలె. రక్తం బాగా తక్కువున్నోళ్లకు నిమ్మచెక్క ఒక్కటే చాలదు, డాక్టర్ రాసిన ఐరన్ గోళీలు ఆపొద్దు.