హెడ్‌లైట్ కప్లర్ కాలకముందే ఒకసారి చూడండి

కారు హెడ్‌లైట్ ఒకవైపు డల్‌గా వెలుగుతుంటే వెంటనే బల్బు మార్చేయకండి, ముందు దాని వెనకున్న మూడు పిన్నుల కప్లర్ (వైర్లని బల్బుకి కలిపే ప్లగ్గు) ఊడదీసి చూడండి. మొన్న మా కారుది తీస్తే తెల్ల ప్లాస్టిక్ ఒక పిన్ను చుట్టూ గోధుమరంగుకి మాడిపోయి ఉంది, లోపల రాగి మీద పచ్చగా చిలుము. హెచ్4 బల్బు (హై, లో బీమ్ రెండూ ఒకదాంట్లోనే ఉండేది) హై బీమ్‌లో 60 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు, పిన్ను వదులైనా చిలుము పట్టినా రెసిస్టెన్స్ పెరిగి అక్కడే వేడెక్కుతుంది, ఆ వేడికి పిన్నుని పట్టుకునే టెర్మినల్ స్ప్రింగు బిగువు పోయి ఇంకా వదులవుతుంది. స్విచ్ ఆపి, చల్లారాక, కాంటాక్ట్ క్లీనర్ (పిన్నుల మురికి వదిలించే స్ప్రే) కొట్టి, ఆరనిచ్చి, టెర్మినల్‌ని సన్నటి ముక్కుపట్టకారుతో కొంచెం బిగించండి. ఆ తర్వాత సిలికాన్ డైఎలక్ట్రిక్ (కరెంటు పారనివ్వని) గ్రీజు పలచగా రాయండి, తేమ లోపలికి పోదు. వాజలైన్ బ్యాటరీ టెర్మినళ్లకి చాలు కానీ ఇక్కడి వేడికి కరిగి కారిపోతుంది. మాడిన కప్లర్‌కి మాత్రం గ్రీజు రాసి లాభం లేదు, సిరామిక్‌ది వేయించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి చిలుము తొందరగా పడుతుంది, అక్కడివాళ్లు వానాకాలానికి ముందే చూసుకోండి.